మన లక్ష్యానికి ఇంట్లో చోటెక్కడ?

లక్ష్యం గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్పే మాట పట్టుదల. రెండోది పొద్దున్నే లేవడం. మూడోది ఫోన్ పక్కన పెట్టేయడం. మంచి మాటలే, కాదనను. కానీ అవి విన్నప్పుడల్లా నాకొక అనుమానం. ఈ సలహాలిచ్చేవాళ్లు తెల్లవారుజామున లేచి తమ పని మీద కూర్చున్నప్పుడు, వాళ్లింట్లో పాలు కాచిందెవరు? పిల్లల్ని లేపిందెవరు?

మా నారాయణఖేడ్‌లో పొద్దున్నే లేవని ఇల్లాలు ఉంటుందని నేననుకోను. నల్లా వచ్చే రోజైతే నాలుగున్నరకే మెలకువ. వాకిట్లో సాన్పి చల్లి, ముగ్గేసి, బిందెలు నింపి, ఏడు కాకముందే జొన్నరొట్టెలు చేసి, పప్పో పుంటికూరో వండి, మూడు నాలుగు డబ్బాలు కట్టి పంపిస్తాం. ఒక్క రోజు మానకుండా పదేళ్లు, ఇరవై ఏళ్లు చేస్తాం. దీనికంటే పట్టుదల ఇంకేముంటుంది? అలాంటి మనిషి "నాకు పట్టుదల తక్కువండీ, ఏది మొదలుపెట్టినా మధ్యలోనే ఆగిపోతుంది" అంటే నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది.

నా అభిప్రాయం ఇది. ఇల్లాలి లక్ష్యం ఆగిపోయేది ఆమెలో ఏదో లోపం వల్ల కాదు. ఇల్లు అందరి పనులూ సాగేలా సర్ది ఉంటుంది, ఆమె పని సాగేలా సర్ది ఉండదు. అందుకని మనసును తిట్టుకోవడం మానేసి, ఇంటిని కొంచెం అటూ ఇటూ జరపాలి. ఒక చోటు, ఒక వేళ, నలుగురికి తెలిసేలా చెప్పిన ఒక మాట, ఏ పని ఆగినా ఫర్వాలేదో ముందే తేల్చుకున్న ఒక లెక్క. ఈ నాలుగూ ఉంటే మామూలు పట్టుదలతోనే పని జరుగుతుంది. ఇవి లేకపోతే ఎంత పట్టుదలైనా నెల తిరక్కుండానే అరిగిపోతుంది.

ఒక్కసారి మీ ఇంట్లో కూర్చున్న చోటి నుంచే చుట్టూ చూడండి. మామయ్యకు కిటికీ పక్కన కుర్చీ ఉంటుంది. ఆయన పేపరు, కళ్లద్దాలు అక్కడే ఉంటాయి, ఎవరూ కదపరు. పిల్లలకు చదువుకునే బల్ల ఉంటుంది. ఆయన బండికి కూడా వరండాలో నీడ ఉంటుంది. దేవుడికి గూడు ఉంటుంది. మరి మీకు? వంటిల్లు అంటారేమో. వంటిల్లు మన చేతిలో ఉన్న మాట నిజమే గానీ, అక్కడ జరిగే పనంతా పక్కవాళ్లదే. మీ ఒక్కరి పనికోసం, ఇంకెవరూ ముట్టుకోకుండా ఉండే జానెడు చోటు ఎక్కడుంది?

ఇది ఒక్క మన ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. రోజులో ఎవరు ఏ పని మీద ఎంతసేపు గడుపుతున్నారో అడిగి రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకోసం రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. ఇంటిపనిలో చేయి పెట్టే మగవాళ్లు గడిపేది 97 నిమిషాలు. అసలు అలా చేయి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకునే సమయం ఈ 299లో కలవదు, దాని లెక్క వేరు. ఒక్క నిమిషం తక్కువ ఐదు గంటలు ఇంటికిచ్చిన మనిషిని పట్టుకుని "టైం సరిగ్గా వాడుకోవాలమ్మా" అని చెప్పడం ఏం న్యాయం?

మా వీధిలో ఒక అక్క ఉంది. పేరు చెప్పను. వయసు ముప్పై ఆరు. తొమ్మిదో తరగతిలో ఉండగా బడి మాన్పించి పెళ్లి చేశారు. ఇంట్లో మాట్లాడేది కన్నడం, బడిలో చదివింది తెలుగు. బీదర్ సరిహద్దు దగ్గరగా ఉండే మాకు ఇది మామూలే, కొన్ని ఇళ్లలో మరాఠీ కూడా వినిపిస్తుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఒకసారి ఏదో చిన్న ఉద్యోగం ఉందంటే అడగడానికి వెళ్లింది. పదో తరగతి మెమో తెమ్మన్నారు. అది లేదు. అప్పటి నుంచి ఆమెకు ఒకటే పట్టు, పది పాసవ్వాలి.

దారి ఉంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా పదో తరగతికి చేరవచ్చు, పై వయసుకు పరిమితి లేదు. ఐదు సబ్జెక్టులు రాయాలి. అన్నీ ఒకేసారి పాసవ్వాలని లేదు, పాసైన సబ్జెక్టు నిలిచే ఉంటుంది, మిగిలినవి రాసుకోవడానికి ఐదేళ్ల గడువుంటుంది. ఆ పైన చదవాలనుకునేవాళ్లకు మన దగ్గర 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. దేశంలో అలాంటి విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది. అంటే బయట తలుపు తెరిచే ఉంది. చిక్కంతా ఇంటి లోపల.

అక్క పుస్తకాలు తెచ్చుకుంది. వాటిని బీరువా పైన, పెళ్లినాటి పట్టుచీరల సంచి పక్కన పెట్టింది. చదవాలంటే స్టూలు వేసుకుని ఎక్కాలి, దించాలి, దుమ్ము దులపాలి, మంచం మీద పరుచుకోవాలి, ఎవరైనా వస్తే మళ్లీ సర్దేయాలి. మధ్యాహ్నం దొరికే అరగంటలో పది నిమిషాలు దీనికే పోయేవి. మిగిలిన ఇరవై నిమిషాల్లో ఎక్కడ ఆగామో వెతుక్కునేసరికి కుక్కర్ కూత వినపడేది. రెండు నెలల తర్వాత "నాకు సదువు ఎక్కుతలేదు" అంది. సదువు ఎక్కకపోవడం కాదది, సదువే బీరువా ఎక్కి కూర్చుంది.

ఆ ఇంట్లో ఉన్నవి మూడే గదులు. కొత్తగా ఒక గది కట్టుకునే మాటే లేదు. వంటింటికీ ముందు గదికీ మధ్య గోడలో ఒక గూడు ఉండేది, అందులో పాత డబ్బాలు, విరిగిన టార్చిలైటు, పనికిరాని ఛార్జర్లు పేరుకుపోయి ఉండేవి. అవన్నీ తీసేసి పుస్తకాలు అక్కడికి దించింది. గూటి ముందు చిన్న పీట, తలపైన ఒక బల్బు. చదువుతూ లేవాల్సి వస్తే పుస్తకం మూయదు, తెరిచిన పేజీ మీద చపాతీ కర్ర పెట్టి వెళ్తుంది. తిరిగొచ్చాక వెతుక్కునే పని లేదు. చూడటానికి ఇది చాలా చిన్న మార్పు. కానీ పనికీ మనకూ మధ్య ఉన్న మెట్లు తగ్గించడమే సర్దుకోవడంలో అసలు సంగతి. ఏది కావాలో అది చేతికందాలి, ఏది వద్దో అది స్టూలెక్కితే గానీ అందకూడదు. అక్క ఇప్పుడు ఫోనును బీరువా పైన పెడుతుంది.

నా సంగతి చెప్పాలంటే, ఈ రాతలన్నీ కుట్టు మిషన్ మీద రాసినవే. మిషన్ తలను లోపలికి మడిచి చెక్క మూస్తే మంచి బల్ల అవుతుంది. జాకెట్లు కుట్టే రోజు కుట్టు, రాసే రోజు రాత. గది లేకపోయినా ఫర్వాలేదు గానీ చోటు మాత్రం ఒకే చోటై ఉండాలి, రోజుకో మూల తిరగకూడదు. పిల్లి కూడా తన పిల్లలకు ఒక మూల చూసుకున్నాకే కుదురుకుంటుంది.

చదువు దగ్గర కూర్చుంటే చదువు వస్తుందన్న దానికి మన తెలుగులోనే పెద్ద సాక్ష్యం ఉంది. భండారు అచ్చమాంబగారు 1874లో పుట్టారు. బడికి వెళ్లలేదు, చిన్నతనంలోనే పెళ్లయింది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు, తర్వాత రోజుల్లో తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న ఆయనే, అక్క ఇంట్లో ఉండి చదువుకున్నారు. తమ్ముడి చదువు పక్కన కూర్చుని ఆమె కూడా నేర్చుకున్నారు. ఆమె బతికింది 1905 వరకే. అంత చిన్న జీవితంలో, కన్నబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలో, ఎందరో స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు, 1902లో 'ధనత్రయోదశి' కథ రాశారు. ఆమె తెలివి ఆమెదే, అందులో సందేహం లేదు. కానీ ఆ తెలివికి ఇంట్లో ఒక దీపం, ఒక పుస్తకం, పక్కన చదివే ఒక మనిషి దొరికారు. మన ఇళ్లలో పిల్లలు హోంవర్కు చేసుకునే గంట ఉంటుంది కదా, ఆ గంట మనదీ ఎందుకు కాకూడదు? వాళ్ల పక్కన కూర్చుని మన పుస్తకం తెరిస్తే, వాళ్లను చదవమని అరిచే పని కూడా సగం తగ్గుతుంది.

చోటు తర్వాత వేళ. పొద్దున ఐదు గంటలు అనే సలహా మనకు పనికిరాదని ముందే అనుకున్నాం. గడియారం చూసి పెట్టుకున్న వేళ మన ఇళ్లలో నిలబడదు. రెండు గంటలకు చదువుతాను అనుకుంటే, రెండు గంటలకే గ్యాస్ బండ వస్తుంది. అందుకని రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడి వేసుకోవడం మేలు. స్కూలు బస్సు కదలగానే అరగంట. మామయ్య భోజనం చేసి పడుకోగానే ఇరవై నిమిషాలు. బస్సు ఆలస్యమైతే మన అరగంట కాస్త వెనక్కి జరుగుతుంది, అంతేగానీ పోదు.

ఓపెన్ స్కూల్ తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో పెడతారు. ఉద్యోగం చేసే మగవాళ్లకు ఇది మంచి ఏర్పాటు. మనకు మాత్రం ఆదివారమే అన్నింటికంటే బరువైన రోజు. అందరూ ఇంట్లో ఉంటారు, కోడికూర కావాలి, వారం బట్టలు ఉతకాలి, పిల్లల తలలు దువ్వాలి, చుట్టాలొస్తారు. అక్క ఆ ఇంట్లో ఆదివారాన్నే మార్చింది. బట్టలు శుక్రవారానికి జరిపింది. కూర ఆదివారం రాత్రికి జరిపింది. పగలు శనివారం రాత్రి చేసిన రొట్టెలు, పల్లీ కారం, పెరుగు. మొదటి రెండు వారాలు ముఖాలు మాడ్చుకున్నారు. మూడో వారం నుంచి అలవాటైంది. ఇంట్లోవాళ్లు మార్పుకు అడ్డు చెప్పేది ఎక్కువగా మొదటి మూడు వారాలే. మనం ఆ మూడు వారాలు తట్టుకోలేక వెనక్కి తగ్గుతాం.

వేళ గురించి ఆలోచించినప్పుడు నాకు మన పక్క జహీరాబాద్ ఆడవాళ్లు గుర్తొస్తారు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లో ఉన్నవాళ్లు చాలామంది దళిత మహిళలు, చిన్న చిన్న చెలకల్లో జొన్నలు, కొర్రలు, కందులు పండించుకునేవాళ్లు. తమ మాట తామే చెప్పుకునే రేడియో ఒకటి కావాలని వాళ్లు కోరుకున్నారు. యునెస్కో సాయంతో 1998లో మాచనూర్‌లో రేడియో కేంద్రం సిద్ధమైంది. గది ఉంది, యంత్రాలున్నాయి, నేర్చుకున్న మనుషులున్నారు. అనుమతి మాత్రం లేదు. అప్పటికి మన దేశంలో ఇలాంటి సంఘాలకు రేడియో నడుపుకునే హక్కు ఇవ్వలేదు.

ఇక్కడే వాళ్లు నాకు నచ్చారు. లైసెన్సు వచ్చాక చూద్దాంలే అని గదికి తాళం వేయలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, తిండి గురించి, ఆరోగ్యం గురించి, పండుగ పాటల గురించి రికార్డు చేస్తూనే ఉన్నారు. ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వేసి వినిపించారు. 2006లో ప్రభుత్వ విధానం మారింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. పదేళ్లు! ఆ పదేళ్లు పని ఆపి ఉంటే అనుమతి చేతికొచ్చిన రోజు చెప్పడానికి గొంతు పెగిలేది కాదు. ప్రసారాల వేళ కూడా చూడండి, రాత్రి 7 నుంచి 9. చెలక పని అయిపోయి, పొయ్యి ముట్టించుకుని, చెవులు ఖాళీగా ఉండే వేళ. వినేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు పెట్టుకున్న వేళ అది.

మనలో చాలామంది కూడా ఏదో ఒక అనుమతి కోసం ఎదురుచూస్తూ ఉంటాం. పిల్లలు పెద్దయ్యాక. అత్తమ్మ ఆరోగ్యం కుదుటపడ్డాక. ఇల్లు కట్టడం అయిపోయాక. ఆయన సరే అన్నాక. ఎదురుచూడాల్సినవి నిజంగానే కొన్ని ఉంటాయి. కానీ ఎదురుచూసే కాలంలో మన గది తాళం వేసి ఉందా, తెరిచి ఉందా అన్నది మన చేతిలో ఉంది. ఫీజు కట్టలేకపోయినా పాత పుస్తకాలు చదవవచ్చు. దుకాణం పెట్టలేకపోయినా లెక్కలు రాయడం నేర్చుకోవచ్చు.

మూడోది, నలుగురికి చెప్పడం. మన దగ్గర ఒక అలవాటుంది, ఏదైనా మొదలుపెడితే చెప్పుకోం. దిష్టి తగులుతుందని కొంత, ఓడిపోతే నవ్వుతారని కొంత. కానీ గుట్టుగా పెట్టుకున్న లక్ష్యాన్ని గుట్టుగానే వదిలేస్తాం. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ అడగరు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మాంసానికి కొరత వచ్చింది. జనం మామూలుగా వండుకోని గుండె, మూత్రపిండాల లాంటి భాగాలను వండేలా చేయాలని ప్రభుత్వం అనుకుంది. మనకైతే బోటి, కార్జం కొత్తేం కాదు గానీ వాళ్లకు అది పెద్ద మాట. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇల్లాళ్లను బృందాలుగా చేసి పరీక్షించాడు. కొన్ని బృందాలకు చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు, వంట చేసే పద్ధతులు కూడా రాసిచ్చారు. మిగతా బృందాల్లో ఆడవాళ్లే తమలో తాము మాట్లాడుకున్నారు, ఇంట్లో వచ్చే ఇబ్బందులు చెప్పుకున్నారు, చివర్లో ఈ వారం ఎవరు వండుతారో చేతులెత్తారు. తర్వాత చూస్తే ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురే వండారు. మాట్లాడుకుని చేయెత్తినవాళ్లలో నూటికి 32 మంది వండారు. అందరి ఇళ్లలోనూ అవే అడ్డంకులు, అదే పొయ్యి. నలుగురిలో ఎత్తిన చేయి ఒక్కటే తేడా.

మనకు చేయెత్తే చోటు లేకపోలేదు. పొదుపు సంఘం మీటింగు ఉంది. అక్కడ కంతులు, వడ్డీల లెక్కలయ్యాక ఐదు నిమిషాలు మిగులుతాయి. అక్క ఒకరోజు అక్కడే లేచి "నేను పదో తరగతి రాస్తున్న" అంది. ఇద్దరు నవ్వారు. ఒకామె మాత్రం మీటింగు అయ్యాక వెనకాలే వచ్చి, "నేను గూడ రాయాల్నని ఉంది, ఎవలకు చెప్పలే" అంది. ఇప్పుడు ఆదివారం క్లాసుకు ఇద్దరూ కలిసి వెళ్తారు. ఒకరికి ఒళ్లు బాగాలేకపోతే రెండోవాళ్లు నోట్సు తెస్తారు.

ఇక అన్నింటికంటే కష్టమైనది నాలుగోది. ప్రాధాన్యం అంటే ముందు ఏం చేయాలో జాబితా రాసుకోవడం అనుకుంటాం. జాబితాలో మన పని ఒకటో నంబరు వేసి, మిగతా పద్దెనిమిది పనులూ అలాగే ఉంచితే, రాత్రి పదకొండుకు కూడా ఒకటో నంబరు అలాగే ఉంటుంది. ఏది ఆగినా ఫర్వాలేదో చెప్పగలగడమే ప్రాధాన్యం. అది కూడా మనసులో అనుకుంటే చాలదు, ఇంట్లోవాళ్లకు ముందే తెలియాలి.

ఓపెన్ స్కూల్ వార్షిక పరీక్షలు ఎండాకాలంలో వస్తాయి. మాకు పెళ్లిళ్లూ అప్పుడే, నీళ్ల ఎద్దడీ అప్పుడే, మామిడికాయ తొక్కూ అప్పుడే, పిల్లల సెలవులూ అప్పుడే. అక్క పరీక్ష రాసే ఏడాదే ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది. లెక్కల పరీక్ష రోజే పసుపు దంచే కార్యం. మేనత్త లేకుండా పసుపేమిటి అని ఇంట్లో పెద్ద మాటే అయింది. అత్తమ్మ "గీ వయసుల సదివి ఏం జేస్తవే? కలెక్టరైతవా?" అని కూడా అంది.

అక్క ఎదురు మాట్లాడలేదు, ఏడవలేదు. నెల రోజుల ముందే ఆడబిడ్డ ఇంటికి వెళ్లి చెప్పింది. "వదినా, పెళ్లి పనులకు ముందు నాలుగు రోజులు వస్తా, నీకు పిండివంటలన్నీ చేసి పెడతా. పసుపు నాడు మాత్రం పరీక్ష రాసి పగటీలి వస్తా. గా ఒక్క పూట నన్ను అడగకు." ఆడబిడ్డ పదిహేను రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమే ఫోన్ చేసి, పరీక్ష ఎన్ని గంటలకు అయిపోతుందో అడిగి, పసుపు ముహూర్తం కాస్త ఆలస్యంగా పెట్టించింది. మనం ఏ పూట రాలేమో ముందే చెబితే కోపం వచ్చి పోతుంది. చివరి నిమిషంలో చెబితే ఆ కోపం ఏళ్ల తరబడి ఉంటుంది.

లెక్కల్లో అక్క పాస్ కాలేదు. మూడు సబ్జెక్టులు వచ్చాయి, లెక్కలు, ఇంగ్లీషు మిగిలాయి. ఇదే ఏర్పాట్లేవీ లేకుండా జరిగుంటే "చూశావా, నీకెందుకే ఇది" అన్న మాటతో కథ ముగిసేది. పుస్తకాలు మళ్లీ బీరువా ఎక్కేవి. కానీ గూడు గూడుగానే ఉంది, బల్బు అక్కడే ఉంది, ఆదివారం రొట్టెల మీదే నడుస్తోంది. మొన్న వాళ్లింటికి వెళ్తే మనవడు ఆ గూట్లోంచి లెక్కల పుస్తకం లాగుతున్నాడు. అత్తమ్మ కేకేసింది, "ముట్టకురా, అవి మీ అమ్మ పుస్తకాలు." కలెక్టరైతవా అని అడిగిన నోటితోనే.

ఇదంతా విని కొందరు అంటారు, ఇల్లు చూసుకోవడం లక్ష్యం కాదా, దాన్నెందుకు తక్కువ చేస్తున్నావు అని. నేను తక్కువ చేయడం లేదు. ఇల్లు నడపడం పెద్ద విద్య, నేను రోజూ చేసే పని అదే. కానీ అందరి కోసం చేసే పని ఒకటి, మన కోసం చేసుకునే పని ఇంకొకటి. మొదటిది చేస్తున్నాం కదా అని రెండోది అక్కర్లేదంటే, జీతం వస్తోంది కదా స్నేహితులెందుకని ఆయన్ని అడిగినట్టే ఉంటుంది.

ఇంకొందరి మాటలో న్యాయముంది. మంచం పట్టిన అత్తమామలున్న ఇల్లు, కూలికి పోతేగానీ పొయ్యి వెలగని ఇల్లు, తాగొచ్చే మనిషి ఉన్న ఇల్లు. అక్కడ గోడలో గూడు ఖాళీ చేసుకోమని చెప్పి చేతులు దులుపుకోలేం. ఆ ఇల్లాలిని "నువ్వు సర్దుకోలేదు" అని అనడం నాకు నచ్చదు. పరిసరాలంటే ఇంటి నాలుగు గోడలే కాదు. నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో కచ్చితంగా తెలిస్తే సగం ఆడవాళ్ల టైం టేబుల్ దానంతటదే కుదురుతుంది. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కాపు కాసిన మనిషికి చదువుకునే వేళ ఎవరిస్తారు? 2023 డిసెంబర్ 9న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. దాని మీద ఎన్ని జోకులైనా వేసుకోనివ్వండి. క్లాసుకు పోతానంటే "చార్జీలకు పైసలెక్కడివి" అనే ఒక ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో నోరు మూసుకుంది. పరిసరాలు మారడమంటే అదీ. నీళ్లు, బస్సు, దగ్గర్లో గ్రంథాలయం, వీధి దీపం అడగడం కూడా మన లక్ష్యంలో భాగమే. సంఘం మీటింగులో చేయెత్తి అడగాల్సినవాటిలో అవీ ఉన్నాయి.

మన చుట్టూ ఉన్న ఆడపిల్లల మాట కూడా ఆలోచించండి. అమ్మకు ఒక మూల, ఒక వేళ ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల రేపు తన ఇంట్లో అది అడగడానికి సిగ్గుపడదు. అమ్మ లేచే వరకు ఆగాలి, ఇప్పుడు పిలవకూడదు అని తెలిసిన కొడుకు రేపు తన భార్య పుస్తకం మీద టీ గ్లాసు పెట్టడు. ఈ రెండూ మనం నీతులు చెబితే రావు. రోజూ అరగంట వాళ్ల కళ్ల ముందు మన చోట్లో మనం కూర్చుంటే వస్తాయి.

మీది చదువే కానక్కర్లేదు. కుట్టుపని కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు, మోకాళ్ల నొప్పి తగ్గేలా రోజూ నడవడం కావచ్చు, ఆగిపోయిన సంగీతం కావచ్చు. ఈ వారం పెద్ద నిర్ణయాలేమీ వద్దు. ఇంట్లో పనికిరాని సామాను పేరుకున్న ఒక గూడో, అరో చూసి ఖాళీ చేయండి. మీ పనికి కావాల్సింది అందులో పెట్టండి. రోజూ జరిగే ఏ పని తర్వాత దాని దగ్గర కూర్చుంటారో అనుకోండి. ఇద్దరికి చెప్పండి, ఒకరు ఇంట్లోవాళ్లు, ఒకరు బయటివాళ్లు. ఆ అరగంట కోసం ఇంట్లో ఏ పని ఆగుతుందో రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉండగా చెప్పండి. మూడు వారాలు ముఖాలు మాడితే మాడనివ్వండి.